వంకర తీసిన ఏడాది

టేకుమట్లలో సైకిల్ చక్రం వంకర పోయిందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన వెంటనే పానా అందుకోడు. బండిని తలకిందులు చేసి చక్రాన్ని ఊరికే తిప్పుతాడు. ఫోర్కుకు బొటనవేలు ఆనించి, సుద్దముక్కను రిమ్ముకు తగిలీ తగలనట్టు పడతాడు. ఉబ్బిన చోట తెల్లగీత పడుతుంది. అక్కడ ఒక పక్క పుల్లను కాస్త వదులు చేసి, ఎదురు పక్క పుల్లను కాస్త బిగిస్తాడు. అదీ పావు చుట్టే. మళ్లీ తిప్పి చూస్తాడు. ఒకే పుల్లను గట్టిగా లాగితే వంకర పోదు, ఇంకో చోటికి జరుగుతుంది. ఆ పక్కన కూర్చుని చూసినప్పుడల్లా నాకు 2020 సైకిల్ రేసుల క్యాలెండర్ గుర్తొస్తుంది.

ఆ ఏడాది కరోనా వల్ల ఫిబ్రవరి 27న యూఏఈ టూర్ రెండు స్టేజీలు మిగిలుండగానే ఆగిపోయింది. మార్చిలో పారిస్-నీస్ రేసును ఒక రోజు ముందే ముగించారు. ఆ తర్వాత నాలుగున్నర నెలలు పై స్థాయి రేసు ఒక్కటీ లేదు. మార్చి నుంచి అక్టోబరు దాకా తీరిగ్గా జరగాల్సిన రేసులన్నిటినీ ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, నవంబరు మొదటి వారంలో ఇమడ్చాలి. జూన్ 27న మొదలు కావాల్సిన టూర్ డి ఫ్రాన్స్‌ను ఆగస్టు 29కి జరిపారు. అది కదలగానే ఇటలీ వాళ్ల రేసు జిరో అక్టోబరు 3కు పోయింది. జిరో పోగానే స్పెయిన్ వాళ్ల వుయెల్తా అక్టోబరు 20కి పోయింది, 21 స్టేజీలు 18 అయ్యాయి. చివరికి జిరో, వుయెల్తా ఆరు రోజుల పాటు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వసంతంలో జరగాల్సిన ఫ్లాండర్స్ టూర్ జిరో నడుస్తుండగానే అక్టోబరు 18న జరిగింది. ఇంత బిగింపులోనూ చక్రం తిరిగింది. అందుకే ఆ మే నెలలో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ప్రకటించిన కొత్త తేదీల పట్టికను నేను పనితనంగానే చూస్తాను.

ఆగస్టు 1న ఇటలీలోని సియెనా దగ్గర స్ట్రాదే బియాంకేతో పెద్ద రేసులు మళ్లీ మొదలయ్యాయి. ఆ పేరుకు తెల్ల బాటలని అర్థం. 184 కిలోమీటర్లలో 63 కిలోమీటర్లు కంకర బాటే. ఏటా మార్చి చలిలో జరిగే రేసు ఆసారి మన రోహిణి కార్తె లాంటి ఎండలో జరిగింది. ముందు పోయే వాడి చక్రం లేపిన తెల్లదుమ్ము వెనకవాడి కనురెప్పల మీద పేరుకుంది. మన వైపు మట్టిబాటల మీద లారీ వెనక సైకిల్ తొక్కినవాళ్లకు ఆ దుమ్ము సంగతి వేరే చెప్పక్కర్లేదు. గెలిచింది బెల్జియం కుర్రాడు వౌట్ వాన్ ఆర్ట్. ఏడాది కిందట టూర్‌లో ఇనుప కంచెకు తగిలి కాలు చీరుకుపోయిన మనిషి. అదే రోజు ఆడవాళ్ల రేసు కూడా పెట్టారు, అన్నెమీక్ వాన్ వ్లూటెన్ గెలిచింది.

తేదీలు కుదరడం ఒక ఎత్తయితే, రోడ్డు మీద మనుషులను కాపాడుకోవడం ఇంకో ఎత్తు. సెప్టెంబరు 19న అబుదాబీలో ఐపీఎల్ మొదలైంది. మన ఇళ్లన్నీ టీవీల ముందే ఉన్నాయి. క్రికెట్‌కు మూడు మైదానాలు చాలాయి, గేట్లు మూసేస్తే సరిపోయింది. సైకిల్ రేసుకు గేటెక్కడిది? రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి, అందరూ నడిచే రోడ్డు మీదే, మూడు వారాలు. మేడారం జాతర దారికి గేటు పెట్టగలమా? ఆల్ప్స్ కనుమల మీద టూర్‌కు వచ్చే జనం కూడా అలాంటి వాళ్లే. కొండెక్కుతున్న రైడర్ చెవి దగ్గర అరిచి, పక్కన పరుగెత్తితేగానీ వాళ్లకు తృప్తి ఉండదు.

టూర్ వాళ్లు దీనికి బుడగలు కట్టారు, అంటే బయటివాళ్లతో కలవకుండా జట్లను విడిగా ఉంచారు. రేసుకు ముందు ప్రతి రైడర్‌కూ రెండుసార్లు పరీక్ష, రెండు విశ్రాంతి రోజుల్లోనూ మళ్లీ పరీక్ష. వారం రోజుల్లో ఒక జట్టులో ఇద్దరికి పాజిటివ్ వస్తే జట్టు మొత్తం ఇంటికే. వేదిక మీద ఆధిక్యంలో ఉండి పసుపు జెర్సీ వేసుకున్నవాడి మూతికి కూడా మాస్కే. ఈ కట్టుబాట్లలో నాకు బాగా నచ్చింది, పరిచయాలకూ హోదాకూ అందులో చోటు లేకపోవడం. మొదటి విశ్రాంతి రోజు పరీక్షల్లో నాలుగు జట్ల సిబ్బందిలో ఒక్కొక్కరికి, టూర్ డైరెక్టర్ క్రిస్టియాన్ ప్రూదోమ్‌కు పాజిటివ్ వచ్చింది. రెండు రోజుల కిందటే ఫ్రాన్స్ ప్రధానమంత్రి ఆయన కారులో కూర్చుని రేసు చూశాడు. అయినా రేసు ఆగలేదు. ప్రూదోమ్ రైడర్ల బుడగలోని మనిషి కాదు. ముందున్న ఎర్ర కారులోంచి ఆయన దిగిపోయాడు, ఫ్రాంస్వా లెమార్షాన్ ఎక్కాడు, మర్నాటి స్టేజీ వేళకు మొదలైంది. రెండు విశ్రాంతి రోజుల పరీక్షల్లోనూ ఒక్క రైడర్‌కు కూడా పాజిటివ్ రాలేదు.

ఐపీఎల్ మొదలైన ఆ సెప్టెంబరు 19నే టూర్‌లో లా ప్లాన్ష్ దే బెల్ ఫీయ్ కొండకు 36.2 కిలోమీటర్ల ఒంటరి పరుగు, ఒక్కొక్కరూ గడియారంతో పోటీ. స్లొవేనియా కుర్రాడు తాదెయ్ పొగాచార్, తన దేశపువాడే అయిన ప్రిమోజ్ రోగ్లిచ్ కన్నా 57 సెకన్లు వెనక ఉన్నాడు. ఆ ఒక్క రోజులో 1 నిమిషం 56 సెకన్లు లాగేసుకుని 59 సెకన్ల ఆధిక్యంతో టూర్ గెలిచాడు. పారిస్ చేరిన మర్నాడు అతనికి 22 ఏళ్లు నిండాయి.

జిరోలో బుడగ అంత గట్టిగా నిలవలేదు. మొదటి విశ్రాంతి రోజు పరీక్షల తర్వాత రెండు జట్లు వెళ్లిపోయాయి. అయితే అక్కడి దారి మార్పులో మంచి పనితనం కనిపిస్తుంది. చివరికి ముందు రోజు ఫ్రాన్స్ వైపు దాటడానికి వీల్లేక అగ్నెల్లో, ఇజోవార్ కనుమలను తీసేసి సెస్త్రియేరే కొండనే మూడుసార్లు ఎక్కించారు. ఉన్న ముక్కతోనే అతుకు వేయడమది. ఆ సాయంత్రానికి టావ్ గేగన్ హార్ట్, జై హిండ్లీల మొత్తం సమయం సరిసమానమైంది. మూడు వారాల రేసు చివరి రోజుకు ఇద్దరు ఇలా సమానంగా నిలవడం అంతకుముందెన్నడూ లేదు. ఆ చివరి రోజు హిండ్లీని దాటి గేగన్ హార్ట్ జిరో గెలిచాడు.

అన్నీ అతకలేదు. అక్టోబరు 25న జరగాల్సిన రాళ్లబాటల రేసు పారిస్-రూబే రద్దయింది. ఆడవాళ్లకు మొట్టమొదటి రూబే ఆ రోజే ఉండాలి. ఆ ఒక్క పుల్ల తెగిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధే. ఇంకో ఏడాదికి, 2021 అక్టోబరు 2న అది జరిగింది. తడిసిన రాళ్లబాట మీద 80 కిలోమీటర్లకు పైగా లిజ్జీ డెగ్నన్ ఒంటరిగానే పోయింది. చేతికి గ్లౌజులు లేవు. గీత దాటాక చూస్తే హ్యాండిల్‌కు చుట్టిన తెల్ల పట్టీ మీద ఆమె అరచేతుల రక్తం అంటి ఉంది.