కందం నడకను కంప్యూటరుకు నేర్పిస్తే

మా చిత్తూరు జిల్లా బంగారుపాళ్యంలో జూన్, జూలై అంటే తోతాపురి మామిడి కాలం. మార్కెట్ యార్డు చుట్టూ ట్రాక్టర్ల వరుసలు, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే లారీలు. ఆ హడావిడి తగ్గాక నలభై ఐదు దాటినవాళ్లకు సాయంత్రాలు కొంచెం చేతిలో మిగులుతాయి. పిల్లలు బెంగళూరుకో చెన్నైకో వెళ్లిపోయి ఉంటారు, వాళ్లు వాడి వదిలేసిన లాప్‌టాప్ బీరువాలో ఉంటుంది. దాన్ని బయటికి తీసి ప్రోగ్రామింగ్ నేర్చుకోమని నా తోటివాళ్లందరికీ చెబుతున్నాను. ఉద్యోగం కోసం కాదు. ఒకటేదైనా మన బుర్రతో మనమే తయారుచేసి, అది పనిచేస్తుంటే చూసుకునే సంతోషం కోసం.

ఏం తయారుచేయాలి? పాఠాలు మామూలుగా వడ్డీ లెక్కతోనో కొట్టు బిల్లుతోనో మొదలవుతాయి. బతుకంతా చేసిన లెక్కలే మళ్లీ చేయడానికి ఈ వయసులో మనసు రాదు. కానీ మన చెవిలో చిన్నప్పటినుంచీ ఉన్నది ఒకటుంది, పద్యం. మా చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర 18 రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివర దుర్యోధన వధ. అది వింటూ పెరిగినవాళ్లు గణాల పేర్లు చెప్పలేకపోవచ్చు, పద్యం నడక తప్పితే మాత్రం పట్టేస్తారు. బడిలో అయ్యవారు వల్లెవేయించిన ‘యమాతారాజభానస’ అనే గణాల సూత్రం ఏదో మూల మిగిలే ఉంటుంది. ప్రోగ్రాం రాయడానికి ఇంతకంటే మంచి ముడిసరుకు నాకు తెలియదు.

ముందు పద్యపాదాన్ని అక్షరాలుగా విడగొట్టించాలి. మనకు ‘స్త్రీ’ ఒక్క అక్షరం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లెక్కపెట్టమంటే ఆరు అని వస్తుంది. కంప్యూటరు అక్షరాలకు వాడే యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాల వరుస. పొల్లు కనబడితే పక్క హల్లును కలుపుకోవాలి, గుణింతపు గుర్తు కనబడితే ముందున్న హల్లుకు అతికించాలి అని నియమం మనమే రాయాలి. పలక మీద దిద్దిన వత్తులు, గుణింతాల వెనక ఎంత పకడ్బందీ ఏర్పాటు ఉందో అది రాసేటప్పుడు తెలిసొస్తుంది.

తర్వాత గురులఘువులు. దీర్ఘమైనా, ఐ, ఔలున్నా గురువు. సున్నా, విసర్గ, పొల్లు ఉంటే గురువు. సంయుక్తానికో ద్విత్వానికో ముందుంటే గురువు. మిగతావన్నీ లఘువులు. ఇక మూడేసి అక్షరాలు తీసి గణం పేరు చెప్పించడమే. ఉత్పలమాల పాదం ఇస్తే భ, ర, న, భ, భ, ర, వ అని రావాలి. పదో అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం దగ్గర ప్రాస చూడాలి. పైథాన్ 3లో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, కాబట్టి ‘గురువు’, ‘యతి’ అని రాసుకుంటూ పోవచ్చు.

నాకు అన్నిటికన్నా ఆనందం ఇచ్చింది కందం. గగ, భ, జ, స, నల. కందానికి ఈ ఐదు గణాలే ఎందుకో బడిలో అడగలేదు, బట్టీపట్టాం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు, ఆ లెక్కన ఈ ఐదూ నాలుగేసి మాత్రల గణాలే. నాలుగు మాత్రలను ఎన్ని విధాలుగా నింపవచ్చో అన్నీ రాసిపెట్టమని యంత్రానికి చెప్పండి. వరుస లఘువుతో ముగిస్తే దాని ముందు మూడు మాత్రలుంటాయి, గురువుతో ముగిస్తే రెండు. మూడు మాత్రలకు మూడు విధాలు, రెండింటికి రెండు, కలిపి ఐదు. తెరమీదికి సరిగ్గా ఆ ఐదు గణాలే వస్తాయి! నాలుగు మాత్రల్లో వీలైన గణాలన్నీ కందంలో ఉన్నాయన్నమాట, ఒక్కటీ మిగల్లేదు. మాత్రలను ఒకటి నుంచి ఒక్కొక్కటే పెంచుతూ పోతే విధాల లెక్క 1, 2, 3, 5, 8 అని పెరుగుతుంది. ఈ వరుసకు లోకంలో ఫిబొనాచి పేరు స్థిరపడింది. ఆయన పుస్తకం 1202 నాటిది. విరహాంకుడు, హేమచంద్రుడు అంతకు ముందే మాత్రల లెక్కలో దీన్ని చెప్పారు. డొనాల్డ్ క్నూత్ తన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’లో మన ఛందోవేత్తలను తలుచుకున్నాడు.

ప్రోగ్రాం తప్పు చెప్పే చోట్లు కూడా విలువైనవే. సంస్కృత సమాసం మధ్యలో వచ్చిన సంయుక్తం తన ముందున్న లఘువును గురువు చేస్తుంది. అచ్చతెలుగు మాట తర్వాత వేరే మాటగా వస్తే చేయదు. పద్యాన్ని కలిపి అచ్చువేస్తారు గనుక ఏది సమాసమో యంత్రానికి తెలియదు. తెలిసినవాళ్లు చెప్పాలి. కోడ్ వేగంగా రాయడంలో కుర్రవాళ్లు మనకంటే ముందుంటారు, ఈ తీర్పు చెప్పడానికి మాత్రం ఏళ్ల తరబడి విన్న చెవి కావాలి.

మిరియాల దిలీప్ తయారుచేసిన ‘ఛందం’ సాఫ్ట్‌వేర్ పద్యమిస్తే ఏ వృత్తమో చెప్పి తప్పులు చూపిస్తుంది. అది ఉండగా మళ్లీ రాయడం ఎందుకంటారేమో. రాస్తేనే లక్షణం లోపలికి దిగుతుంది. 1656లో అప్పకవి మనుషుల కోసం కూర్చిన నియమాలను యంత్రం కోసం ఒక్కొక్కటే విప్పి చెప్పడం, నా దృష్టిలో, ఛందస్సు చదువుకోవడానికి ఉన్న దారుల్లో ఉత్తమమైనది.

పైథాన్‌కు డబ్బు కట్టక్కర్లేదు. తెలుగు కీబోర్డు లాప్‌టాప్‌లోనే పెట్టుకోవచ్చు. మొదట మీ ఊరి పేరు ఇచ్చి గురులఘువులు చెప్పించండి. ఈసారి భారతానికి వెళ్లినప్పుడు వీధినాటకం కళాకారులను అడిగి, వాళ్లు సరేనంటే, ఏ పుస్తకంలోనూ ఎక్కని పద్యం ఒకటైనా రాసుకొచ్చి మీ ప్రోగ్రాంకు ఇచ్చి చూడండి.