సూర్యుడు, సంగటి ముద్ద, సగం మాత్ర

పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లా తాలూకా. దాని చుట్టూ చాలామేర ఉన్నది ఆంధ్ర సరిహద్దే. ఇక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చేది కన్నడం, మందు అట్ట మీద ఉండేది ఎక్కువగా ఇంగ్లీషు. బడి మొహం చూడని అవ్వాతాతలకు ఈ మూడింటిలో చెవికి అందేదే ఆధారం. చీటీ మీద డాక్టరు 1-0-1 అని రాస్తారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని దాని అర్థం. షాపులో అట్ట కత్తిరించి నాలుగు మాత్రలు ఇస్తే పేరూ గడువు తేదీ అవతలి ముక్కలోనే ఉండిపోవచ్చు. బీపీ మాత్రా తెల్లగా గుండ్రంగా ఉండవచ్చు, షుగరు మాత్రా అలాగే ఉండవచ్చు. ఇలాంటి చోట మందుల చీటీ మీద బొమ్మ గీయడం అలంకారం కాదు, వైద్యంలో భాగం.

పావగడలో శ్రీ రామకృష్ణ సేవాశ్రమం, స్వామి జపానంద ఆధ్వర్యంలో, కుష్ఠు, క్షయ రోగులకు ఏళ్ల తరబడి సేవ చేస్తోంది. కుష్ఠు మందుల చరిత్రలో మన విషయానికి గొప్ప ఉదాహరణ ఉంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి వాడే చికిత్సను సిఫారసు చేసింది. తర్వాత ఆ మాత్రలు 28 రోజుల అట్టలుగా వచ్చాయి. మొదటి రోజు ఆరోగ్య కార్యకర్త ఎదుట మింగాల్సినవి ఒకచోట, మిగతా 27 రోజులవి వరుసల్లో ఉంటాయి. ఎక్కువ మచ్చలున్న పెద్దవాళ్లకు ఎర్ర అట్ట, తక్కువ ఉన్నవాళ్లకు ఆకుపచ్చ, పిల్లలకు పసుపు, నీలం ఇచ్చేవారు. ఆ అట్టే ఒక బొమ్మ. ఏ గుంట చిట్లకుండా మిగిలిందో చూస్తే ఏ రోజు మాత్ర తప్పిందో అక్షరం రానివాళ్లకూ తెలుస్తుంది.

అయినా అట్ట చెప్పలేనిది ఒకటుంది. ఆ అట్టల్లోని రిఫాంపిసిన్ మింగితే మూత్రం ఎర్రబడుతుంది, క్లోఫాజిమిన్‌తో చర్మం నల్లబడుతుంది. ముందే చెప్పకపోతే మనిషి భయపడి మందు మానేస్తాడు. ఒక ఎర్ర చుక్క గీసి ఇది మందు రంగే, నెత్తురు కాదు అని నోటితో చెప్పాలి. నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో తెర మీది బొమ్మకు వెనక గొంతు ఎంత అవసరమో, మందు బొమ్మకూ పక్కన మాట అంతే అవసరం. బొమ్మ ఇస్తే మాట్లాడే పని తప్పుతుందనుకునే ఆసుపత్రులంటే నాకు బాధ.

డేవిడ్ వెర్నర్ పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘వైద్యుడు లేని చోట’ పేరుతో తెలుగులోకి తెచ్చింది. మాత్ర వేళలు చెప్పడానికి సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీసే పద్ధతి అందులో ఉంది. నాలుగు గడుల్లో ఉదయం, నడినెత్తి సూర్యుడు, సాయంత్రం, చంద్రుడు గీసి, కింద ఎన్ని మాత్రలో అన్ని సున్నలు, సగానికి సగం సున్న చుట్టాలి. పెన్సిలు చాలు. చిక్కు ఏమిటంటే, పొద్దుటి సూర్యుడూ పొద్దు గూకే సూర్యుడూ ఒకేలా కనిపిస్తారు. పొద్దుటి గడిలో కూసే కోడి, సాయంత్రం గడిలో ఇంటికి మళ్లే పశువులు ఉంటే పల్లెలో ఎవరూ తికమకపడరు.

అన్నిటికంటే కష్టమైనది పరగడుపు. ఖాళీ పళ్లెం గీస్తే తినేశాక అని కూడా చదువుకోవచ్చు. అందుకని రెండు గడులు కావాలి: ముందు మాత్ర మింగుతున్న మనిషి, తర్వాత తింటున్న మనిషి. పళ్లెంలో ముళ్ల చెంచా, కత్తి కాదు, రాగి సంగటి ముద్ద ఉండాలి. బొమ్మ స్థానికంగా ఉండాలన్న ఈ సంగతినే దక్షిణాఫ్రికాలో రోస్ డౌస్, ఎహ్లర్స్ అనే పరిశోధకులు పరీక్షించి చూశారు. అమెరికా ఔషధ ప్రమాణాల సంస్థ తయారుచేసిన గుర్తుల కంటే అక్కడి షోసా ప్రజల కోసం స్థానికంగా గీసినవే వాళ్లకు బాగా అర్థమయ్యాయి. మనిషి లేకుండా కడుపు ఒక్కటే గీస్తే, ఏదైనా వద్దని ఇంటూ గుర్తు పెడితే, చదువుకోనివాళ్లకు అది ఏ సంచో, ఏ పుల్లలో అనిపించవచ్చు. ఒక బొమ్మలో ఒకే మాట ఉండాలి.

మాత్ర రంగు వేసి చూపిద్దామనే ఆలోచన ఆకర్షిస్తుంది గానీ, దాన్ని నేను ఒప్పుకోను. కంపెనీ మారితే అదే మందు వచ్చే నెల వేరే రంగులో వస్తుంది. పాత చీటీ నమ్మి తప్పు మాత్ర మింగే ప్రమాదం ఉంది. మందు మారిన ప్రతిసారీ పాత చీటీ చించేసి, కొత్త అట్ట ముక్కను కొత్త చీటీకి అంటించి ఇవ్వాలి.

చివరగా అడగాలి. అర్థమైందా అంటే అందరూ తలూపుతారు. “అవ్వా, రేపు పొద్దున లేస్తానే ఈ చీటీ చూసి ఏం జేస్తావు? నాకు చెప్పు” అని అడగాలి. ఆమె చెప్పింది మనం అనుకున్నది కాకపోతే బొమ్మదే తప్పు. అక్కడే, ఆమె ముందరే, మళ్లీ గీయాలి.