గీతలు కలిశాయా?

డ్రాయింగులో దూలానికి రెండు గీతలుంటాయి, పై అంచుకొకటి, కింది అంచుకొకటి. ఫైనైట్ ఎలిమెంట్ లెక్కకు కావలసింది ఒక్కటే, నడిమి గీత. అందుకే నా పనిలో గీసేదానికన్నా చెరిపేదే ఎక్కువ. బోల్టు రంధ్రాలు, గస్సెట్ ప్లేట్లు, కొలతల బాణాలు అన్నీ పోవాలి. స్తంభాల బయటి అంచు నుంచి బయటి అంచుకు 18,000 మిల్లీమీటర్లని డ్రాఫ్ట్స్‌మన్ రాస్తాడు. 300 మిల్లీమీటర్ల లోతుండే ఐ ఆకారపు ఉక్కు సెక్షన్లు, అంటే ఐఎస్ఎంబీ 300 స్తంభాలైతే నడిమి గీతల మధ్య దూరం 17,700 అవుతుంది. ఇంత చెరిపాక మిగిలేది పిల్లలు అగ్గిపుల్లలతో పేర్చిన ఇల్లులాంటి బొమ్మ.

కొన్నేళ్ల కిందట అలాంటి షెడ్డు ఫ్రేమే ఒకటి నన్ను రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టింది. రెండు స్తంభాలు, వాటి మీద వాలుగా రెండు రాఫ్టర్లు, కాళ్లు రెండూ ఫిక్స్‌డ్. రన్ చేస్తే ఒక్క ఎర్రర్ రాలేదు. వేసిన బరువు, కింద వచ్చిన రియాక్షన్ల మొత్తం కిలో తేడా లేకుండా సరిపోయాయి. కానీ కప్పు బాగా కుంగింది. స్తంభాల కాళ్ల దగ్గర అడ్డంగా తోసే బలం మాత్రం సున్నా! వాలు కప్పు మీద బరువు పడితే కాళ్లు బయటికి జరగాలని చూడాలి కదా, ఆ తోపు ఏమైనట్టు?

వంగిన ఆకారాన్ని పెద్దది చేసి చూస్తే గుట్టు తెలిసింది. కొప్పు దగ్గర ఫ్రేము నోరు తెరిచింది. రెండు రాఫ్టర్ల కొసల మధ్య 0.4 మిల్లీమీటర్ల సందు. తెర మీద అంటుకున్నట్టే కనిపించే ఆ కొసలు సాఫ్ట్‌వేర్‌కు రెండు వేర్వేరు నోడ్‌లు, అంటే విడివిడి బిందువులు. ఒక పోర్టల్ ఫ్రేమ్ కాస్తా ఎవరి దారి వారిదైన రెండు సగాలైంది. కాళ్లు తిరగగలిగే హింజ్ అయ్యుంటే ఏ సగమూ నిలబడలేక లెక్క అక్కడే ఆగిపోయేది, నేనూ వేళకు ఇంటికి పోయేవాణ్ని.

నోడ్‌లను కలిపే టాలరెన్స్ పెంచేస్తే సరిపోతుందిగా అంటారు. పెంచితే నిజంగా విడిగా ఉండాల్సినవీ అతుక్కుంటాయి. ఎక్స్ బ్రేసింగ్‌లో రెండు గీతలు దాటుకున్నంత మాత్రాన అక్కడ జాయింట్ ఉన్నట్టు కాదు. మధ్యలో బోల్టు ఉందో లేదో ఫ్యాబ్రికేటర్‌ను అడిగి, ఉంటేనే అక్కడ గీతలను తెంపి నోడ్ పెడతాను.

ఇంకో రకం పొరపాటు ఒకే గీత మీద మరో గీత పడటం. దూలం రెట్టింపు గట్టిదై, వంపు సగానికి తగ్గుతుంది. ఫలితం ముచ్చటగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నన్నడిగితే సందుకన్నా ఇదే ప్రమాదం.

గీతకు మందం లేదు కనుక సెక్షన్ నిలువుగా ఉందో పడుకుని ఉందో కూడా మనమే చెప్పాలి. మూడు మీటర్లు ముందుకు చాచిన ఐఎస్ఎంబీ 300 కొసన 10 కిలోన్యూటన్లు, అంటే దాదాపు ఒక టన్ను, వేలాడదీస్తే నిలువుగా ఉన్నప్పుడు దిగేది సుమారు 5 మిల్లీమీటర్లు. పడుకోబెడితే 99. బొమ్మలో రెండూ ఒకే గీత.

ఆ షెడ్డు ఫైలు సందుతో సహా ఇంకా నా దగ్గరుంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు ఏమీ చెప్పకుండా అదే ఇస్తాను. చాలామంది భోజనం వేళకు ముందే వచ్చి, “రిజల్ట్ వచ్చేసింది సార్, ఎర్రర్లేం లేవు” అంటారు.