ఇరుసుకు జానెడు ముందు

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన కుండపోతతో హైదరాబాద్ పాతబస్తీలో వీధులు కాలువలయ్యాయి. పల్లె చెరువు నీళ్లు అల్ జుబైల్ కాలనీని ముంచేశాయి. మరో నాలుగు రోజులకు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ మునిగింది. జాతీయ విపత్తు స్పందన దళం, సైన్యం పడవలు దింపి జనాన్ని గట్టెక్కించాయి. పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్ కూడా పడవలనూ, ఈతగాళ్లనూ పంపింది. మేడల మీద చిక్కుకున్నవాళ్లను పడవలు ఎలా దాటించాయో అందరం చూశాం. అవసరం పడ్డ వీధి మొగదాకా పడవ రోడ్డు మీద క్షేమంగా రావడం వెనక కూడా ఒక పనితనం ఉంది. దాన్ని ఎవరూ చూడరు. చూడదగ్గ పని అది.

రబ్బరు పడవనైతే గాలి తీసి, మడిచి, వ్యాన్‌లో వేసుకుని రావచ్చు. ఫైబర్ పడవకూ, అల్యూమినియం పడవకూ ఆ వీలు లేదు. వెనక మోటారు బిగించి ఉన్న పడవను రెండు చక్రాల ట్రెయిలర్ మీదికి ఎక్కించి, జీపుకో వ్యానుకో తగిలించి లాక్కుపోవాలి. ఆ ట్రెయిలర్‌ని చూస్తే ఇంత తేలికైన వస్తువులో ఏం పనితనం ఉంటుందనిపిస్తుంది. రెండు ఇనుప గొట్టాలు, ఒక ఇరుసు, పడవ అడుగు ఆనడానికి రెండు పొడుగాటి దిమ్మెలు, ముందు పడవను లాగి బిగించే చేతి గిలక, కొసన జీపు గుండుకు తగులుకునే కొండీ. అంతే సరంజామా. అసలు పనంతా వీటిని ఒకదానికొకటి ఎంత దూరంలో పెట్టారన్న దాంట్లో ఉంది.

పడవ నీళ్ల మీద ఉన్నప్పుడు బరువు వెనక్కి మొగ్గినా పెద్దగా ఇబ్బంది లేదు, నీరు మోస్తుంది. నలభై హార్స్‌పవర్ మోటారు డెబ్బై కిలోల నుంచి వంద కిలోల దాకా తూగుతుంది. ఇంధనం ట్యాంకు, బ్యాటరీ కూడా చాలా పడవల్లో దాని పక్కనే ఉంటాయి. అదే పడవ చక్రాల మీదికి వచ్చేసరికి ఈ బరువంతా ఇరుసుకు వెనక వేలాడుతుంది. అప్పుడు కొండీ పైకి లేవాలని చూస్తుంది. పక్కనుంచి ఆర్టీసీ బస్సు దూసుకుపోతే ఆ గాలికి ట్రెయిలర్ ఒక పక్కకు ఊగుతుంది. బరువు ఇరుసుకు ముందు ఉంటే ఆ ఊపు ఒకటి రెండు సార్లు అటూ ఇటూ ఆడి ఆగిపోతుంది. వెనక ఉంటే ఊపు ఊపుకూ పెరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ ఇది ముదిరి, చివరికి లాగే బండినే అడ్డంగా తిప్పేస్తుంది. డ్రైవర్ ఎంత నేర్పరి అయినా ఆ సమయంలో చేయగలిగింది కొంచెమే. స్టీరింగ్ బిగబట్టి తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్ మీంచి నెమ్మదిగా కాలు తీయాలి. అసలు జాగ్రత్త బయల్దేరకముందే పడాలి.

ముందు బరువు ఎక్కువైనా ముప్పే. జీపు వెనక భాగం కుంగుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ చేతికి వదులుగా తగులుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. ఈ రెండింటి మధ్య ఒక సన్నని జాగా ఉంది. మామూలు ట్రెయిలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొండీ మీద పడాలని అమెరికాలో చెబుతారు. పడవల ట్రెయిలర్లకు 5 నుంచి 10 శాతం మధ్య సరిపోతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. ఏ లెక్క పాటించినా, లాగే బండి తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు.

ఈ లెక్కను ఒక పడవ మీద పెట్టి చూద్దాం. మోటారుతో సహా పడవ 600 కిలోలు, ట్రెయిలర్ 200, మొత్తం 800 కిలోలు. కొండీ నుంచి ఇరుసుకు 4 మీటర్లు. 7 శాతం కావాలంటే కొండీ మీద 56 కిలోలు పడాలి. చదునైన నేల మీద, చక్రాలకు అడ్డు పెట్టి, లాగేటప్పుడు ఉండే ఎత్తులోనే కొండీని ఉంచి, దాని కింద దిమ్మె మీద ఇంట్లో ఒళ్లు తూచుకునే మిషన్ పెడితే చాలు, తూకం తెలిసిపోతుంది. మిషన్ 26 చూపించిందనుకుందాం. ముప్పై కిలోలు తక్కువ. పడవను పది సెంటీమీటర్లు ముందుకు జరిపితే కొండీ మీద పదిహేను కిలోలు పెరుగుతాయి, కాబట్టి ఇరవై సెంటీమీటర్లు జరపాలి. గిలక స్తంభం బోల్టులు వదులు చేసి ముందుకు తీసి, పడవ ముక్కును దానికి ఆనించి మళ్లీ బిగిస్తే 56 వచ్చేస్తుంది. ఇంతా చేస్తే మొత్తం బరువు కేంద్రం ఇరుసుకు 28 సెంటీమీటర్లు ముందు నిలిచింది. జానెడుకు కాస్త ఎక్కువ. ఎనిమిది వందల కిలోల భారం తిన్నగా నడవడానికీ, తిరగబడటానికీ మధ్య ఉన్న దూరం అంతే. ఈ పనిలో నన్ను కట్టిపడేసేది అదే.

పడవను జరపడం అన్నిసార్లూ కుదరదు. ముందు బరువు ఎక్కువైందని వెనక్కి జరిపితే, మోటారు వేలాడే వెనక పలక దిమ్మెల మీంచి బయటికి పోతుంది. ఆసరా లేని పలక గతుకు గతుకుకూ కిందికి లాగుతూ ఉంటే, కొన్నాళ్లకు పడవ అడుగు వంకర తిరుగుతుంది. అందుకే చేయి తిరిగిన ఫిట్టర్ పడవను కదపకుండా, యూ బోల్టులు వదులు చేసి ఇరుసునే కొద్దిగా ముందుకు జరుపుతాడు. ఇక్కడే పనివాడి నాణ్యం బయటపడుతుంది. ఇరుసు జరిపాక టేపు తీసుకుని కొండీ మధ్య నుంచి ఇరుసు ఎడమ కొసకూ, అక్కడి నుంచే కుడి కొసకూ కొలుస్తాడు. రెండూ సమానం కావాలి. కాస్త తేడా ఉన్నా ట్రెయిలర్ రోడ్డు మీద ఏటవాలుగా నడుస్తుంది, టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. కొలత సరిపోయాకే చివరి బిగింపు. ఆ రెండో కొలత తీసినట్టు పైకి ఎక్కడా కనబడదు. తీసినవాడికి మాత్రం తెలుసు.

పాతబస్తీకి ఈ విద్య కొత్తది కాదు. మీర్ ఆలం మండి లాంటి బజార్లలో హమాలీలు లాగే రెండు చక్రాల బండిదీ ఇదే సూత్రం. బస్తాలు సర్దాక పట్టెను ఒక చేత్తో ఎత్తి చూస్తే చాలు, ఇంకో బస్తా ముందుకు జరపాలో వెనక్కి జరపాలో తెలిసిపోతుంది. అయితే మనిషి నడక వేగంతో లాగుతాడు. బండి ఏ క్షణాన మొగ్గినా చేతికి తెలుస్తుంది, ఆ చేయే సర్దుకుంటుంది. జీపు వెనకున్న గుండుకు ఆ స్పర్శ లేదు, వేగం మాత్రం పదింతలు. కాబట్టి హమాలీ దారి పొడుగునా చేతులతో చేసే పనిని ట్రెయిలర్‌కు బయల్దేరే ముందే లెక్కగట్టి ఇవ్వాలి.

వరద పనిలో ఇంకో మెలిక ఉంది. వెళ్లేటప్పటి తూకం తిరిగి వచ్చేటప్పుడు ఉండదు. వెనకున్న 25 లీటర్ల పెట్రోలు ఖర్చయితే పద్దెనిమిది కిలోలకు పైగా తగ్గినట్టే. దానికి ఎదురుగా పడవ అడుగున నీళ్లు చేరతాయి, లీటరుకు కిలో చొప్పున. పడవను నీళ్లలోంచి ఎత్తుమీదికి లాగేటప్పుడు ఆ నీరంతా వెనక్కి పారుతుంది, సరిగ్గా మనం బరువు వద్దనుకున్న చోటికే. అందుకని పైకి లాగగానే వెనక పలకలోని బిరడా తీసి నీళ్లు పోనివ్వాలి. తాళ్లూ, లైఫ్ జాకెట్లూ, లంగరూ ఎక్కడివి అక్కడే పెట్టాలి. ఇరవై కిలోల వస్తువును మూడు మీటర్లు వెనక్కి విసిరేస్తే, పైన చెప్పిన లెక్కలో కొండీ మీద పదిహేను కిలోలు తగ్గుతాయి. అలసిపోయిన మనుషులు చీకట్లో సామాను పడేసే తీరు ఒక్కటే తూకాన్ని ఇంత మార్చగలదు.

కట్టు విషయంలోనూ ఇదే శ్రద్ధ కావాలి. ముందున్న గిలక పట్టీ ఒక్కదాన్నే నమ్ముకుంటే స్పీడ్ బ్రేకర్ల మీద పడవ వెనక భాగం ఎగిరి పడుతుంది. వెనక పలకకు రెండు పక్కలా పట్టీలు వేసి ట్రెయిలర్ చట్రానికి బిగించాలి. ముక్కుకు గిలక పట్టీతో పాటు విడిగా ఒక గొలుసు ఉండాలి. జీపుకూ ట్రెయిలర్‌కూ మధ్య రెండు గొలుసులను కొండీ కింద అడ్డంగా దాటించి తగిలించాలి. కొండీ ఊడినా ఆ గొలుసుల కత్తెర దాన్ని పట్టుకుంటుంది, ముక్కు రోడ్డుకు గుచ్చుకోదు. చక్రాల బేరింగుల సంగతీ మరిచిపోకూడదు. దూరం నుంచి లాక్కొచ్చిన ట్రెయిలర్‌ని వెంటనే నీళ్లలోకి దింపితే వేడెక్కిన బేరింగు చల్లబడుతూ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. కొంతసేపు ఆరనిచ్చి దించడం, తర్వాత గ్రీజు చూసుకోవడం అలవాటు కావాలి.

మంచి తూకం ఉన్న ట్రెయిలర్ ఏ చప్పుడూ చేయకుండా జీపు వెంట నడిచిపోతుంది. అందుకే ఈ పనికి మెప్పు రాదు. 2020 చూసిన నగరం మాత్రం ఈ పనిని మెచ్చుకోవడంతో సరిపెట్టుకోకూడదు. వానాకాలానికి ముందే ప్రతి రక్షణ పడవనూ మోటారు, ఇంధనం, తాళ్లతో సహా ట్రెయిలర్ మీద పెట్టి తూచాలి. గిలక స్తంభం ఎక్కడుండాలో, ఇరుసు ఎక్కడుండాలో, ట్యాంకు ఎక్కడ ఆనాలో ఎర్ర రంగుతో గీత గీయాలి. కొండీ తూకం ఎంతో చట్రం మీద రాయాలి. అర్ధరాత్రి జోరు వానలో పిలుపొచ్చినప్పుడు లెక్కలు వేసే తీరిక ఎవరికీ ఉండదు. గీత మీద గీత కలిపి బిగించుకుని బయల్దేరే తీరిక మాత్రం ఎప్పుడూ ఉంటుంది.