వీసా ముగిసే నెలలో వచ్చే పిలుపు

కువైట్‌లో మన తెలుగు సంఘాల ఆరాధన ఎక్కువగా శుక్రవారమే. ఆరాధన అయ్యాక అన్నం పొట్లాల దగ్గరో, బస్సు కోసం నిలబడ్డ చోటో ఎవరో ఒకరు పక్కకు పిలిచి అంటారు: "అన్నా, దేవుడు నన్ను సేవకు పిలుస్తాండాడు." రాజంపేట, రైల్వేకోడూరు వైపువాళ్లు ఎక్కువ కాబట్టి ఆ యాసలోనే వింటుంటాను. చెప్పేది డ్రైవరు, వంటమనిషి, లేదా ఇళ్లలో పనిచేసే అక్క. సేవ అంటే వాళ్ల మనసులో ఉన్నది పూర్తికాల సేవ. పని మానేసి, ఊరికి పోయి, సంఘం మొదలుపెట్టడం.

నేను వెంటనే ఆమెన్ అనను. "ఎప్పటినుంచి?" అని అడుగుతాను, ఆ పిలుపు పనిచేసే ఇంట్లోని కష్టంతో మొదలైందేమోనని. ఇరవై నంబరు వీసా మీద ఇంటిపనికి వచ్చినవాళ్లకు వారానికి ఒక రోజు సెలవివ్వాలని 2015 నాటి చట్టం చెబుతోంది. ఆ చట్టం గడప దాటి లోపలికి రాని ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో నలిగిన మనసుకు, ఇంటికి పొమ్మనే ఏ మాటైనా దేవుని స్వరంలాగే వినిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు, అలసట కూడా దేవునికి చెప్పుకోదగ్గదే. అయితే ఆ ఇంటి నుంచి బయటపడడానికి ఎంబసీ ఉంది, గృహకార్మికుల ఆఫీసు ఉంది. దానికి దర్శనం రానక్కర్లేదు. దెబ్బలు తింటూ అక్కడే ఉండిపోవడం దేవుని చిత్తమని బోధించేవాళ్ల మాట అసలే వినక్కర్లేదు.

పిలుపును పరీక్షించడంలో నాకు దారి చూపించింది అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం. పౌలు ఆసియకు పోదామనుకుంటే ఆత్మ ఆపింది, బితూనియకు పోదామంటే అదీ కుదరలేదు. త్రోయలో రాత్రి దర్శనం వచ్చింది. అందులో మాట్లాడింది దేవదూత కాదు, వచ్చి సాయం చేయమని బతిమాలుతున్న మాసిదోనియ మనిషి. పొద్దున్నే అది దేవుని పిలుపేనని తేల్చుకున్నది కూడా పౌలు ఒక్కడే కాదు, వెంట ఉన్నవాళ్లంతా. ఆ కథలో మూసుకున్న దారులున్నాయి, ఎదురుచూసే మనిషి ఉన్నాడు, కలిసి తేల్చిన తోటివాళ్లున్నారు. నా దగ్గరికి వచ్చే పిలుపుల్లో తరచు లేనిది ఆ మధ్యలోని మనిషి. "ఎవరు రమ్మంటున్నారు?" అని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు.

ఈ ఊరి చరిత్రలోనూ రమ్మన్నవాళ్లున్నారు. గత శతాబ్దం మొదట్లో అమెరికన్ మిషన్ డాక్టర్లను కువైట్‌కు రమ్మన్నది పాలకుడు షేక్ ముబారక్. మగ డాక్టరు ముందుకు రాలేని ఆడవాళ్ల కోసం 1912లో డాక్టర్ ఎలినార్ కాల్వర్లీ వచ్చింది. కువైట్‌లో తొలి మహిళా డాక్టరు ఆమే. దేశం తన ఆసుపత్రులు తాను కట్టుకున్నాక, 1967లో మిషన్ ఆసుపత్రి తలుపులు మూసింది. ఆ భవనం ఇప్పుడు సాంస్కృతిక కేంద్రం. పిలుపు ఎప్పుడు ముగిసిందో తెలుసుకోవడం కూడా పిలుపును వినడంలో భాగమే.

ఇక మన దోర్నకల్. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు, వైఎంసీఏలో పేరున్న కార్యదర్శి. 1903లో తిరునెల్వేలిలో భారతీయులే నడిపే మిషనరీ సంఘాన్ని పెట్టడంలో ముందున్నాడు. ఆ సంఘం నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతాన్ని తన సేవాక్షేత్రంగా ఎంచుకుంది. ఇతరులను పొమ్మని చెబుతూ వచ్చిన మనిషి 1909లో తానే అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. నేను చూసేది ఆ బిషప్ పదవిని కాదు, సంఘం పెట్టాక తాను దోర్నకల్ వచ్చేదాకా గడిచిన ఆరేళ్లను. నిజమైన పిలుపుకు ఆలస్యం వల్ల నష్టం లేదు. ఈ నెలలోనే తేలాలని తొందరపెట్టేది వీసా కావచ్చు, అప్పులవాడు కావచ్చు.

అందరూ ఊరికి పోయి పాస్టర్లు కావాలని కూడా లేదు. మంచాన పడ్డ ముసలమ్మకు అన్నం తినిపించే అక్క పని, ప్రసంగం కన్నా తక్కువ సేవ అని నేనెప్పుడూ అనుకోలేదు. పిలుపంటే పల్పిట్ ఒక్కటే అనుకోకూడదని మార్టిన్ లూథర్ అయిదు వందల ఏళ్ల కిందటే వాదించాడు. మన సంఘాలకు అది ఇంకా వంటబట్టలేదు. ఆ అక్కను సాక్ష్యం చెప్పమని పిలుస్తాం గానీ, ఆమె పనికోసం ప్రార్థన చేయం.

అందుకే పిలుపు మాట ఎత్తినవాళ్లకు నేను చెప్పే పని ఒకటే. సెలవు దొరికిన శుక్రవారం ఫర్వానియా ఆసుపత్రికి పోయి, పలకరించే దిక్కులేని మనవాళ్లను చూసి రమ్మంటాను. అక్కడ మైకు ఉండదు, దండలుండవు, కానుక కవర్లుండవు. కొన్నాళ్లకు ఆ మాట మళ్లీ ఎత్తనివాళ్లు కొందరు. వాళ్లకు ఒక భారం దిగింది, మంచిదే. వద్దన్నా పోతూనే ఉండేవాళ్లు కొందరు. వాళ్ల పేర్లు మాత్రం నేనే పెద్దల ముందుకు తీసుకెళ్తాను, వాళ్లు అడగకముందే.