కింది పోర్షన్ అద్దె

నల్లకుంటలో రెండు పోర్షన్ల పాత ఇల్లు కొన్నాను. పైన ఖాళీ. కింద పద్నాలుగేళ్లుగా ఒక మేష్టారు, ఆయన భార్య ఉంటున్నారు. అద్దె 6,500. అదే వీధిలో టూలెట్ బోర్డుల వాళ్లని అడిగితే 12,000కు తక్కువ చెప్పినవాడు లేడు. నెత్తిన బ్యాంకు వాయిదా. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడే వెళ్లి పన్నెండు వేలు చెప్పేద్దామనుకున్నాను.

తెలిసిన వకీలు ఆపాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం ఇల్లు కొన్నవాడు పాత ఓనరు స్థానంలో కూర్చుంటాడట, అగ్రిమెంటు గడువు తీరేదాకా ఆ అద్దేనట. తీరా చూస్తే వీళ్లది మన ఊళ్లలో అందరూ రాసుకునే పదకొండు నెలల కాగితం. అది ఎప్పుడో ముగిసింది, ఎవరూ తిరగరాయలేదు. అంటే నెలవారీ అద్దె, 15 రోజుల నోటీసిస్తే చాలు. చట్టం నా వైపే ఉంది.

హుషారుగా వెళ్లాను. ఆవిడ కాఫీ ఇచ్చింది. వంటింటి గట్టు మీద గ్రానైటు, బాత్రూమ్‌కి కొత్త తలుపు, సింకు కింద కొత్త పైపు. అన్నీ వాళ్లు వేయించుకున్నవే. "పాత ఓనరు రిపేర్లు చేయించడు, అద్దె పెంచడు. మాకూ అలాగే బాగుంది బాబూ" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. బేరం రోజున "అద్దె మరీ తక్కువండీ" అని ధర తగ్గించమన్నది నేనే. తగ్గించారు కూడా. ఆ తగ్గింపు జేబులో వేసుకుని, అదే లోటు మళ్లీ మేష్టారి దగ్గర వసూలు చేయబోయానన్నమాట. ఒకే సరుక్కి రెండుసార్లు డబ్బు. దీనికి మా ఇంట్లో వాడే మాట ఇక్కడ రాయలేను.

చివరికి 8,000 అనుకున్నాం, వచ్చే ఏడు 9,000. రిపేర్లు, బోరు మోటారు నావి. ఆషాఢం దగ్గరపడింది, ఆ నెలలో వాళ్లు ఇల్లు మారలేరు, మారలేని వాళ్లతో బేరమేమిటని పెంపు శ్రావణం నుంచి పెట్టాను. పన్నెండు వేలు వదులుకున్నానని మా బావమరిది ఇప్పటికీ సణుగుతాడు.

అద్దెవాళ్లున్న ఇల్లు కొనేవాళ్లకి ఒక్క మాట. వాళ్లు కట్టిన అడ్వాన్సు ఎంతో ముందే అడిగి ధరలో పట్టుకోండి. నేను మర్చిపోయాను. మేష్టారి 13,000 పాత ఓనరు దగ్గరే ఉండిపోయింది, ఖాళీ చేసే రోజున నేనే ఇస్తానని ఒప్పుకున్నాను.