బడికి వచ్చిన కథకుడు, గడప బయట ఆగిన కథ: ఆశ్రిత కథాగాన సంప్రదాయాలపై ఒక పరిశీలన

తెలుగు జానపద సాహిత్య పరిశోధనలో కథకునికి ముట్టే ప్రతిఫలం గురించిన ప్రస్తావన తరచుగా సిద్ధాంత గ్రంథం చివరి అధ్యాయంలో, కళాకారుల ఆర్థిక స్థితిగతులను వివరించే నాలుగైదు పుటలలో కనిపిస్తుంది. కథావస్తువు, పాత్రచిత్రణ, భాషావిశేషాలు, గేయఫణితులు ముందుగా విశ్లేషితమవుతాయి. ఎవరు పిలిచారు, ఏమిచ్చారు, ఎంతసేపు చెప్పమన్నారు అన్న విషయాలు సానుభూతితో కూడిన అనుబంధంగా మిగిలిపోతాయి. ఈ అమరిక సమంజసం కాదని నా అభిప్రాయం. వృత్తి కథకుని విషయంలో కథ ఎక్కడ మొదలు కావాలో, ఎక్కడ ఆగాలో, ఏ ఘట్టాన్ని దాటవేయాలో నిర్ణయించే శక్తి ప్రతిఫలానికి ఉంది. పాఠశాలలు రుసుము చెల్లించి కథకులను పిలిపించుకుంటున్న ఈ కాలంలో ఆ శక్తి మరింత స్పష్టంగా కనిపిస్తున్నది.

2020 నాటి జాతీయ విద్యావిధానం కథాకథనాన్ని ఒక బోధనామార్గంగా పేర్కొన్నది. స్థానిక కళాకారులను బోధకులుగా నియమించుకొనే ఆలోచనను కూడా అది ముందుకు తెచ్చింది. దీనికి ముందునుంచే నగరాలలో పుట్టినరోజు వేడుకలకు, అపార్ట్‌మెంట్ల ఉత్సవాలకు, ప్రైవేటు బడులకు వచ్చి కథలు చెప్పడాన్ని జీవనోపాధిగా చేసుకున్న ఆధునిక కథకులు తయారయ్యారు. వారి గురించి విడిగా రాయవలసింది చాలా ఉంది. ఈ వ్యాసానికి సంబంధించినవారు మరొక వర్గం. మాతృభాషా దినోత్సవానికో, గిడుగు జయంతికో, బడి వార్షికోత్సవానికో పిలుపు అందుకొని వచ్చే పటం కథకులు, ఒగ్గు కథకులు, చిందు కళాకారులు. వీరికి కథ చెప్పడం వంశపారంపర్య వృత్తి. కుటుంబాలు, కులాలు తమను పోషించే ఏర్పాటులో తరతరాలుగా ఉన్నవారు. బడి వీరికి కొత్త పోషకురాలు.

పాత ఏర్పాటును తెలంగాణలో మిరాశి అంటారు. ముదిరాజులకు కాకిపడగలవారు, పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, గొల్లలకు మందెచ్చులవారు కథ చెప్పాలి. ఫలానా గ్రామాలు ఫలానా కథకుని కుటుంబానివి. అన్నదమ్ములు వేరుపడినప్పుడు భూమిని పంచుకున్నట్లే ఈ గ్రామాలనూ పంచుకొనేవారు. కథకుడు వచ్చినప్పుడు ఇవ్వవలసినది ఇవ్వడం ఆ కులానికి బాధ్యత, పుచ్చుకోవడం కథకునికి హక్కు. ఆ ఇచ్చేదానికి కొన్ని చోట్ల త్యాగం అనే పేరు కూడా ఉంది. ఈ మాటను బిచ్చం అని అర్థం చేసుకొన్న పరిశోధకులు పొరబడ్డారు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి తెలుగువారి జానపద కళారూపాలు వంటి బృహద్గ్రంథం కళలను రూపాల వారీగా పరిచయం చేస్తుంది. ఆ పద్ధతి వల్ల కలిగిన మేలు అపారం. కానీ రూపాన్ని బట్టి చూసినప్పుడు పటం కథలన్నీ ఒకే వరుసలో నిలబడతాయి. పోషకుణ్ణి బట్టి చూస్తే ప్రతి పటమూ వేరొక కులం తన గురించి తాను వినదలచిన పురాణం.

ఈ భేదం బడిలో ఎలా పనిచేస్తుందో ఒక సందర్భం చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక ఉన్నత పాఠశాల కోరిక మీద పటం కథకుల బృందాన్ని వెంటబెట్టుకొని వెళ్లాను. వారి వద్ద ఉన్నది మార్కండేయ పురాణం పటం. చేర్యాల నకాషీ చిత్రకారులు వేసే ఇటువంటి పటాలు దాదాపు మూడడుగుల వెడల్పుతో, ముప్పై అడుగులకు మించిన పొడవుతో ఉంటాయి. చింతగింజల అంబలి, సుద్ద పట్టించిన బట్ట మీద ఎర్రని నేలరంగు, దానిపై వరుసలు వరుసలుగా ఘట్టాలు. ప్రధానోపాధ్యాయులు సాదరంగా ఆహ్వానించి, రెండు పీరియడ్లు కేటాయించామని, కథలో కులం ప్రస్తావన లేకుండా పిల్లలకు నీతి తెలిసేలా చెప్పించమని కోరారు. ఆయన ఉద్దేశంలో దోషమేమీ లేదు. కథకుడు ఒక్క క్షణం ఆలోచించి, "గట్లనే సార్" అన్నాడు.

మృకండుని తపస్సు, అల్పాయుష్కుడైన కొడుకు, యముని పాశం, శివుని ప్రత్యక్షం. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. యముడు వెనుదిరిగిన చోట కథకుడు పటం చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టలో ఇంకా సగానికి మించిన బట్ట మిగిలే ఉంది. ముందు వరుసలోని ఒక బాలిక "తర్వాత ఏమైంది తాతా?" అని అడిగింది. "గది ఇంటికాడ చెప్పే ముచ్చట బిడ్డా" అని నవ్వి ఊరుకున్నాడు.

ఆ మిగిలిన సగంలో ఉన్నది భావనాఋషి కథ. మార్కండేయుని హోమగుండం నుంచి ఆవిర్భవించినట్లు చెప్పే భావనాఋషి విష్ణుమూర్తి నాభికమలం తూడు నుంచి నూలు తీసి దేవతలకు వస్త్రాలు నేస్తాడు. సూర్యుని కుమార్తె భద్రావతిని పెండ్లాడతాడు. పద్మశాలీలు తమ మూలపురుషునిగా భావించేది ఈయననే. కనుక కూనపులివారి కథలో మార్కండేయుని మృత్యుంజయం ఉపోద్ఘాతం మాత్రమే, అసలు కథ నూలుతో మొదలవుతుంది. బడిలో ఉపోద్ఘాతమే కథ అయిపోయింది. దీనిని కాలాభావం వల్ల జరిగిన సంక్షిప్తీకరణగా సరిపెట్టుకోవడం సులువు. కానీ కోత ఎక్కడ పడిందో గమనించాలి. మొదటి సగం దేశమంతటా తెలిసిన భక్తికథ, ఎవరి ముందైనా చెప్పవచ్చు. రెండవ సగం శ్రమను గురించిన కథ. దేవతలైనా సరే ఒకరు నేసి ఇస్తే తప్ప కట్టుకోవడానికి బట్ట లేనివారే అని చెప్పే కథ. సిరిసిల్లలోనో భివండిలోనో మరమగ్గాల మీద పనిచేసే తండ్రి గల పిల్లవానికి ఈ రెండింటిలో ఏది అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. నీతి కావాలన్న బడికి భక్తి దొరికింది. నేతపనికి పురాణం ఇచ్చిన గౌరవం పటం చుట్టలోనే ఉండిపోయింది.

కథ ఇలా తెగడానికి కథకుని భయమో, ఉపాధ్యాయుని అవగాహనా లోపమో ఏకైక కారణమని నేను భావించడం లేదు. పోషక కులం ముందు కథకుడు చెప్పేది వారి కథ. తప్పు చెబితే వారిలో ఒక వృద్ధుడు ఆపి సరిదిద్దగలడు. వంశనామాల వద్ద ఒకరి ఇంటిపేరు వదిలితే తగువు వస్తుంది. బడిలో డబ్బు చెల్లించేవారు వేరు, వినేవారు వేరు. వినే పిల్లలకు కథ మీద హక్కు లేదు, చెల్లించే యాజమాన్యానికి కథతో సంబంధం లేదు. సరిదిద్దగల శ్రోత లేనప్పుడు కథకునికి ఎక్కువ స్వేచ్ఛ లభిస్తుందని సిద్ధాంతరీత్యా అనుకోవచ్చు. నేను చూసినంతలో మాత్రం, ఎవరినీ నొప్పించని పాఠం వైపు అతడు జారిపోతాడు.

మార్కండేయ పురాణంలో సగమైనా బడిలోకి వచ్చింది. జాంబపురాణం విషయం మరింత జటిలం. డక్కలివారు కథగా, చిందువారు యక్షగానంగా మాదిగ వాడలలో ప్రదర్శించే ఈ పురాణంలో ఆదిపురుషుడైన జాంబవునికీ బ్రాహ్మణునికీ మధ్య జరిగే వాదం ప్రసిద్ధం. సృష్టిలో ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న ప్రశ్నను అది తలకిందులు చేస్తుంది. వాడలో ఈ వాదం వింటూ జనం కేరింతలు కొడతారు, ఎందుకంటే గెలుస్తున్నది తమవాడు. అదే వాదాన్ని అన్ని కులాల పిల్లలూ కూర్చున్న తరగతిలో చెబితే ఏమవుతుంది? కామధేనువు మాంసం ప్రసక్తి వచ్చినప్పుడు తరగతిలోని చూపులు ఎవరివైపు తిరుగుతాయి? ఆత్మగౌరవంగా వినిపించిన మాట అక్కడ వేలెత్తి చూపడంగా మారవచ్చు. ఈ ప్రమాదం వాస్తవం. అందుకని ఆ కథను బడికి దూరంగా ఉంచడమే పరిష్కారమంటే నేను అంగీకరించలేను. అగ్రవర్ణ పురాణాలు పాఠ్యపుస్తకాలలో కులం లేని కథలుగా చెలామణి అవుతుండగా, కింది కులాల పురాణాలు మాత్రమే కుల కథలుగా కనిపించడం మన చదువులోని దృష్టిదోషం. దానికి మూల్యం కథకుడు చెల్లిస్తున్నాడు.

అట్లని మిరాశి వ్యవస్థను స్వర్ణయుగంగా చిత్రించడం మరొక దోషం. మన జానపద విమర్శలో ఈ ధోరణి తక్కువేమీ కాదు. మాదిగల మీద ఆధారపడిన డక్కలివారిని ఆ మాదిగలే అంటరానివారుగా చూసిన చరిత్ర ఉంది. హక్కు అని మనం గౌరవంగా పిలుస్తున్నది, ఊరి చివర గుడారం వేసుకొని పిలుపు కోసం ఎదురుచూడడం కూడా. ఆ కుటుంబాల పిల్లలు బడిలో తమ ఇంటిపేరు చెప్పడానికి సంకోచించిన సందర్భాలు క్షేత్రపర్యటనలు చేసిన వారందరికీ తెలిసినవే. అటువంటి తండ్రిని బడి వేదిక మీద కుర్చీ వేసి కూర్చోబెట్టి, మైకులో పేరు చదివి, రుసుము చేతికిస్తే, ఆ పిల్లల దృష్టిలో అది చిన్న విషయం కాదు. కథ సగమే చెప్పినా సరే.

డబ్బుకు కథ చెప్పడమే కథను పలుచన చేస్తుందన్న వాదాన్ని మన చరిత్రే ఖండిస్తుంది. సంస్థానాల ఆదరణలో, సభలలో హరికథను శాస్త్రస్థాయికి తీసుకువెళ్లిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) కూడా ప్రతిఫలం పుచ్చుకొన్న కథకుడే. పింజారి కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) మిరాశి బంధం లేకుండా బుర్రకథను చేపట్టి, ప్రజానాట్యమండలి వేదిక మీద అల్లూరి సీతారామరాజును, బెంగాల్ కరువును కథలుగా నిలబెట్టాడు. అదే బుర్రకథను తరువాత ప్రభుత్వాలు కుటుంబ నియంత్రణకూ చిన్న మొత్తాల పొదుపుకూ వాడుకొన్నాయి. వాయిద్యాలు అవే, కథకుడు, హాస్యగాడు, రాజకీయం చెప్పే వంత అన్న అమరిక అదే. నాజర్ కథలకూ ఆ ప్రచార కథలకూ తేడా రుసుములో లేదు. కథను ఎంచుకొన్నది ఎవరన్న దానిలో ఉంది.

ఒగ్గుకథ ఈ చర్చకు ఇంకొక ముఖాన్ని చూపుతుంది. గొల్ల, కురుమ కుటుంబాలు మల్లన్న పట్నాలు వేయించుకొన్నప్పుడు ఒగ్గు పూజారులను పిలిపించుకొంటాయి. నేలమీద రంగుల పొడితో వేసిన పట్నం ముందు, రాత్రంతా మల్లన్న కథ నడుస్తుంది. చుక్క సత్తయ్య (1935–2017) ఈ కథను పట్నం నుంచి విడదీసి సభావేదిక మీదికి తెచ్చినప్పుడు కథనాన్ని వదలలేదు. ఒక్కడే పలు పాత్రలుగా మారే నైపుణ్యమే ఆయన ప్రదర్శనకు ప్రాణం. ఇవాళ బడులకూ ఊరేగింపులకూ ఎక్కువగా పిలుపు వస్తున్నది ఒగ్గు డోలు విన్యాసానికి. డోలు బయటికి వచ్చింది, కథ ఇంట్లోనే ఉండిపోయింది. చూడడానికి అది అద్భుతంగానే ఉంటుంది. దానిని కథాకథనం కింద లెక్క వేసి నివేదికలు రాయడం మాత్రం సరికాదు.

కాలపరిమితి గురించి ఒక మాట. కారెంపూడిలో కార్తికమాసపు వీరుల ఉత్సవం రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు సాగుతుంది. కథా ఘట్టాలే దినాల పేర్లు. కథకు కాలాన్ని కేటాయించడం అంటే ఏమిటో ఈ ఒక్క ఉదాహరణ చాలు. నలభై ఐదు నిమిషాల పీరియడు కథను కొలిచే సాధనం కాదు. అయినా బడికి ఉన్నది పీరియడ్లే కనుక, వాటినే కలపవచ్చు. ఒక్క రోజు సభకు బదులు వారానికొక పీరియడు చొప్పున ఒక నెలంతా అదే కథకుణ్ణి రప్పిస్తే పటం చివరి దాకా విప్పవచ్చు. నాలుగవ వారానికి వంశనామాలు వచ్చేసరికి పిల్లలు ఇంటికి వెళ్లి తాతలను అడిగి వస్తారు. సరిదిద్దగల శ్రోతలు అప్పుడు తయారవుతారు. జాంబపురాణాన్ని చెప్పించదలచిన ఉపాధ్యాయుడు దానికి ముందుగా అన్ని కులాల మూలకథలూ పక్కపక్కన వినిపించే ఏర్పాటు చేయాలి. ఒక్క కులానికే పుట్టుక కథ ఉందన్న భ్రమ అప్పుడు కలగదు.

ఇందులో తెలుగు శాఖల బాధ్యత బడుల బాధ్యతకు తీసిపోదు. మన సదస్సులకు ప్రసంగకర్తను పిలిచినప్పుడు అంశాన్ని ఆయననే ఎంచుకోమంటాం. కథకుణ్ణి పిలిచినప్పుడు అంశం మనమే చెబుతాం, భోజన విరామానికి ముందు ఇరవై నిమిషాలు ఇస్తాం. ఖర్చుల పట్టీలో మొదటివారి పేరు పారితోషికం వరుసలో, రెండవవారి బృందం సాంస్కృతిక కార్యక్రమం వరుసలో ఉంటుంది. పైన చెప్పిన పాఠశాలకు నేను వెళ్లిన రోజున కూడా రశీదు మీద కథకుని పేరు లేదు, బృందం అని మాత్రమే ఉంది. ఆ సంగతి నేనూ అప్పుడు గమనించలేదు. ఇకమీదట సేకరించే ప్రతి కథాపాఠానికీ చెప్పినవారి పేరుతోపాటు పిలిచినవారెవరు, ఏమిచ్చారు, ఎంత వ్యవధి విధించారు, ఏ ఘట్టాన్ని వదలమన్నారు, కథకుడు తానై వదిలినది ఏది అన్న వివరాలు పాఠం మొదట్లోనే నమోదు కావాలి. పాఠాంతరాల తులన అప్పటినుంచి మొదలుపెట్టవచ్చు. కూనపులివారి మార్కండేయ పురాణానికి బడిలో చెప్పిన పాఠం, పద్మశాలీల ఇంటి ముందు చెప్పిన పాఠం రెండూ ఒకే కథకుని నుంచి సేకరించి పక్కపక్కన పరిశీలించే పని ఒక పరిశోధక విద్యార్థికి అప్పగించదగినది.